వైజ్ఞానిక నవలలు : ఊహ, లెక్క

జానపద కథలలో రాకుమారుడు కీలుగుఱ్ఱము నెక్కి మర త్రిప్పగానే అది ఆకాశమున కెగురును. ఏడు సముద్రములు దాటి రాకుమారి మేడపై వాలును. ఆ గుఱ్ఱము ఏమి తినునని గాని, దానిని ఎగిరించు శక్తి ఎక్కడినుండి వచ్చుచున్నదని గాని వినువారు అడుగరు. అడిగినచో కథ చెప్పు అవ్వకు కోపము వచ్చును. వైజ్ఞానిక నవల సరిగా ఈ ప్రశ్నతోనే మొదలగును. గుఱ్ఱము ఎగురుననుటకు రచయితకు స్వేచ్ఛ ఉన్నది. కాని అది ఎంత దాణా తినును, ఎంత బరువు మోయును, పైన గాలి పలుచనైనపుడు రౌతు ఊపిరి ఎట్లు పీల్చును అను వాటికి అతడు సమాధానము చెప్పవలెను.

ఇట్లు ప్రకృతి నియమములకు లోబడిన ఊహయే వైజ్ఞానిక నవలకు ప్రాణము. ఫ్రెంచి రచయిత జూల్స్ వెర్న్ 1865లో ప్రకటించిన చంద్రయాత్ర నవలలో ముగ్గురు మనుష్యులను అమెరికాలోని ఫ్లారిడానుండి ఒక బ్రహ్మాండమైన ఫిరంగిలో పెట్టి చంద్రుని వైపు పేల్చుదురు. ఫిరంగి గొట్టము పొడవు 900 అడుగులు. భూమి ఆకర్షణను దాటుటకు సెకనుకు సుమారు 11 కిలోమీటర్ల వేగము కావలెనని వెర్న్ ఎరుగును. ఆ లెక్క ఒప్పే. కాని అంత వేగమును 900 అడుగులలోపలనే పొందవలెనన్నచో లోపలివారిపై వారి బరువునకు 20 వేల రెట్లు మించిన బలము పడును. వారు బయలుదేరిన క్షణముననే మరణింతురు. నవల తప్పిన ఆ చోటనే త్వరణమను విషయము పాఠకునికి బోధపడును. 1969లో అపోలో 11 యాత్రికులను చంద్రునికి పంపినది ఫిరంగి కాదు; వేగమును నిమిషముల తరబడి క్రమముగా పెంచుకొనుచు పోవు రాకెట్టు.

2006 తరువాత వెలువడి ప్రపంచమంతటను పేరు పొందిన నాలుగు నవలలను ఈ దృష్టితో పరిశీలింపవచ్చును. రచయిత ఏ ఊహకు పాఠకుని అనుమతి కోరినాడు, ఆ ఊహపై ఎంత లెక్క నిలిచినది, ఎక్కడ జారినది అనునవే ఇచట చూడదగిన విషయములు.

అంగారకునిపై బంగాళాదుంపలు

అమెరికా రచయిత ఆండీ వియర్ "ది మార్షియన్" అను నవలను 2011లో స్వయముగా ప్రకటించుకొన్నాడు. 2014లో దానిని ఒక పెద్ద ప్రచురణ సంస్థ అచ్చు వేసినది. అంగారకునిపై దిగిన యాత్రికులు పెద్ద గాలివానవంటి ఇసుక తుపానుకు భయపడి తిరిగి బయలుదేరుదురు. మరణించినాడనుకొని వారు విడిచిపోయిన మార్క్ వాట్నీ అను వృక్షశాస్త్రజ్ఞుడు ఒంటరిగా మిగిలిపోవును. తరువాతి యాత్ర వచ్చుటకు దాదాపు నాలుగు సంవత్సరములు పట్టును. ఉన్న తిండి అంతకాలము చాలదు.

పండుగ విందు కొరకు తెచ్చిన పచ్చి బంగాళాదుంపలు కొన్ని అతనికి దొరకును. అంగారకుని మట్టిలో మనుష్యుల మలమును ఎరువుగా కలిపి వాటిని నాటును. ఇక కావలసినది నీరు. దిగుటకు ఉపయోగించిన నౌకలో హైడ్రజీన్ అను ఇంధనము మిగిలి ఉన్నది. దాని అణువులో రెండు నత్రజని పరమాణువులు, నాలుగు హైడ్రోజన్ పరమాణువులు ఉండును. ఇరిడియమను లోహము ఉత్ప్రేరకముగా ఉన్నపుడు హైడ్రజీన్ విడిపోయి హైడ్రోజన్ వాయువు వెలువడును. ఆ వాయువును ఆక్సిజన్‌లో మండించినచో నీరు తయారగును. ఇంటర్మీడియెట్ విద్యార్థి ఈ లెక్కను సరిచూచుకొనవచ్చును: 32 గ్రాముల హైడ్రజీన్‌నుండి 4 గ్రాముల హైడ్రోజన్ వచ్చును, అది 32 గ్రాముల ఆక్సిజన్‌తో కలిసి 36 గ్రాముల నీరగును. ఆక్సిజన్‌ను అతడు అంగారకుని గాలిలోని బొగ్గుపులుసు వాయువునుండి తీయును. హైడ్రోజన్ కొంత మండక మిగిలినందున ఒకనాడు పేలుడు జరిగి వాట్నీ చావు తప్పించుకొనును. రసాయన శాస్త్రము కథలో కేవలము అలంకారము కాదు. అది కథానాయకుని రక్షించును, శిక్షించును కూడ.

ఇంత జాగ్రత్త గల నవల మొదటి పుటలలోనే జారినది. అంగారకుని ఉపరితలమున వాతావరణ పీడనము భూమిపైనున్న దానిలో నూరింట ఒక వంతు కూడ లేదు. అచటి గాలి సాంద్రత మన గాలి సాంద్రతలో సుమారు అరువదవ వంతు. గాలి త్రోయు బలము దాని సాంద్రతను బట్టియు, వేగముయొక్క వర్గమును బట్టియు ఉండును. కాబట్టి అచట గంటకు 160 కిలోమీటర్ల వేగముతో వీచు గాలి, ఇచట 20 కిలోమీటర్ల వేగముతో వీచు గాలివలె మాత్రమే తగులును. ఆ గాలికి గొడుగు వంగవచ్చును గాని రాకెట్టు పడిపోదు. కథను నడుపుటకే ఆ తుపానును కల్పించినానని రచయితయే ఒప్పుకొన్నాడు.

మరొక విషయము. అంగారకుని మట్టిలో పెర్క్లోరేటులను హానికరమైన లవణములు ఉన్నట్లు 2008లో ఫీనిక్స్ అను నౌక కనుగొన్నది. అవి నీటిలో కరగును గనుక మట్టిని కడిగి నాటవచ్చును. కాని నవలలో వాట్నీ మట్టి కడిగినట్లు కనబడదు. రేపు నిజముగా అంగారకునిపై సేద్యము చేయువారికి మొదటి పని నాగలి పట్టుట కాదు, మట్టిని కడుగుట.

మూడు సూర్యుల లోకము

చైనా రచయిత లియు సిషిన్ వ్రాసిన "మూడు వస్తువుల సమస్య" 2006లో ఒక పత్రికలో ధారావాహికముగా వచ్చి, 2008లో గ్రంథరూపము దాల్చినది. కెన్ లియు చేసిన ఆంగ్లానువాదము 2014లో వెలువడగా, 2015లో దానికి హ్యూగో బహుమానము లభించినది. ఆసియా ఖండపు రచయిత నవలకు ఆ బహుమానము లభించుట అదియే మొదటిసారి.

నవల పేరు గణితశాస్త్రములోని ఒక పాత చిక్కుకు సంబంధించినది. భూమి, సూర్యుడు అను రెండు వస్తువులు మాత్రమే ఉన్నచో వాటి గమనమును న్యూటన్ నియమములతో ఎంత కాలమునకైనను లెక్క కట్టవచ్చును. ఒకదానినొకటి ఆకర్షించుకొను మూడవ వస్తువు చేరగానే, అన్నిటికిని వర్తించు సులభమైన సూత్రము దొరకదు. స్వీడన్ రాజు ఆస్కార్ పేర ఏర్పడిన పోటీలో 1889లో బహుమానము పొందిన ఫ్రెంచి గణితజ్ఞుడు ఆన్రీ పాంకరే ఈ సమస్యను పరిశోధించుచు ఒక వింతను గమనించినాడు. ఆరంభములో ఉన్న వెండ్రుకవాసి భేదము పోనుపోను పెరిగి, తుదకు రెండు గమనములకును పోలికయే లేకుండ చేయును. నియమము తెలిసి యుండియు భవిష్యత్తు చెప్పలేని స్థితి ఇది.

లియు ఈ గణితమును ఒక జాతి జీవితముగా మార్చినాడు. మూడు సూర్యుల నడుమ చిక్కిన గ్రహముపై ఎప్పుడు తెల్లవారునో, ఎన్నాళ్ళకు ప్రొద్దు గ్రుంకునో ఎవ్వరికిని తెలియదు. ఒకసారి మూడు సూర్యులును దూరమై అంతయు గడ్డకట్టును. ఒకసారి దగ్గరై మాడిపోవును. చెడు కాలము రాగానే అచటి ప్రాణులు తమ శరీరములోని నీటిని విడిచి, ఎండిన తోలువలె చుట్టుకొని, మంచి కాలము వచ్చువరకు పడియుండును. ఈ ఊహకు భూమిపైననే ఆధారమున్నది. నాచులో నివసించు టార్డిగ్రేడ్ అను సూక్ష్మజంతువు తన నీటినంతటిని దాదాపు కోల్పోయి సంవత్సరముల కొలది నిద్రాణమై యుండి, నీరు తగిలినపుడు మరల కదలును. గాదెలోని విత్తనపు వడ్లు చేయుచున్నదియు కొంతవరకు ఇట్టి పనియే.

ఇక తప్పిన చోట్లు చూతము. ఈ మూడు సూర్యులు మనకు మిక్కిలి సమీపముననున్న ఆల్ఫా సెంటారీ నక్షత్రములు. వాటిలో రెండు పెద్దవి ఒకదాని చుట్టు ఒకటి సుమారు 80 సంవత్సరముల కొకసారి తిరుగును. ప్రాక్సిమా అను మూడవది మిక్కిలి చిన్నది. అది చాల దూరముగానుండి, ఆ జంటను ఒకసారి చుట్టివచ్చుటకు దాదాపు అయిదున్నర లక్షల సంవత్సరములు పట్టును. అందుచే అచట నవలలోని కల్లోలము లేదు. మూడు నక్షత్రములున్నంత మాత్రమున కల్లోలము తప్పదను అభిప్రాయము సరికాదు. వాటి దూరములును, బరువులును నిర్ణయింపవలసిన విషయమది. అంతియే గాక, నవలలో ఆ ప్రాణులు పంపిన యంత్రములు నాలుగు కాంతి సంవత్సరముల దూరము నుండి క్షణములో వార్త నందుకొనును. జంటకణముల మధ్య క్వాంటమ్ సంబంధము దీనికి ఆధారమని రచయిత చూపినాడు. ఆ సంబంధము నిజమే కాని, దానిద్వారా కాంతికంటె వేగముగా వార్తను పంపుట సాధ్యము కాదని భౌతికశాస్త్రము స్పష్టముగా చెప్పుచున్నది.

సూర్యకాంతిని తిను సూక్ష్మజీవి

వియర్ 2021లో ప్రకటించిన "ప్రాజెక్ట్ హెయిల్ మేరీ"లో కోరిన అనుమతి ఇంకను పెద్దది. సూర్యుని చేరి, అతని శక్తిని పీల్చుకొను సూక్ష్మజీవి ఒకటి ఉన్నదనుకొనుడు. సూర్యుని ఉపరితలమున ఉష్ణోగ్రత 5,500 డిగ్రీల సెంటిగ్రేడు. మనకు తెలిసిన ఏ జీవపదార్థమును ఆ వేడికి నిలువదు. కాని ఈ ఒక్కదానికి ఒప్పుకొన్నచో, తరువాతి కథ అంతయు దానినుండి తర్కమువలె వెలువడును. పెరుగుటకు దానికి బొగ్గుపులుసు వాయువు కావలెను గనుక అది శుక్రగ్రహమునకు పోవును. ఆ గ్రహపు గాలిలో నూటికి 96 పాళ్ళకు పైగా ఉన్నది ఆ వాయువే. సూర్యకాంతి తగ్గుటచే భూమి చల్లబడి పంటలు పోవు ప్రమాదము ఏర్పడును. చుట్టుపట్లనున్న నక్షత్రములన్నియు ఇట్లే మసకబారుచుండగా, 12 కాంతి సంవత్సరముల దూరమునగల టౌ సెటి మాత్రము మసకబారదు. కారణము కనుగొనుటకు ఒక నౌక అచటికి బయలుదేరును.

అంత దూరమునకు ఇంధనమేది? ఆ సూక్ష్మజీవియే. అది శక్తిని ద్రవ్యరాశిగా మార్చి దాచుకొనునని రచయిత చెప్పును. ఐన్‌స్టీన్ సూత్రము ప్రకారము ఒక్క గ్రాము ద్రవ్యరాశి పూర్తిగా శక్తిగా మారినచో రెండున్నర కోట్ల యూనిట్ల విద్యుత్తుకు సమానమగును. వేగము కాంతివేగమును సమీపించినపుడు కాలము కూడ మారును. కాంతివేగములో పదింట ఎనిమిది వంతుల వేగముతో పోవు నౌకలో ఆరు సంవత్సరములు గడచునప్పటికి భూమిపై పది సంవత్సరములు గడచును. అందుచే నౌకలోనివానికి ప్రయాణము కొద్ది సంవత్సరములే. ఇచట అతని విద్యార్థులు మాత్రము పెద్దవారై యుందురు.

టౌ సెటి వద్ద కథానాయకునికి 40 ఎరిడాని నక్షత్రమునుండి వచ్చిన వేరొక జీవి కలియును. ఆ జీవి జాతివారు గొప్ప యంత్రనిపుణులు. కాని సాపేక్ష సిద్ధాంతము వారికి తెలియదు, అంతరిక్షమున హానిచేయు కిరణములున్నవనియు తెలియదు. మొదటి అజ్ఞానము వలన వారు అవసరమునకు మించి ఇంధనము తెచ్చుకొన్నారు. రెండవ దానివలన ఒక్కడు తప్ప అందరును మరణించినారు. ఒక్కొక్క శాస్త్రవిషయము తెలియకపోవుటకు ఎంత మూల్యము చెల్లింపవలసివచ్చునో ఇంతకంటె చక్కగా చెప్పుట కష్టము.

నవల వ్రాయబడినప్పటికి 40 ఎరిడాని చుట్టు ఒక గ్రహము తిరుగుచున్నదని 2018లో ప్రకటింపబడి ఉన్నది. రచయిత దానినే ఆధారముగా తీసికొన్నాడు. 2024లో మరింత సూక్ష్మమైన కొలతలు తీయగా, అది గ్రహము కాదనియు, నక్షత్రపు ఉపరితలమున జరుగు మార్పుల వలన కలిగిన భ్రమయనియు తేలినది. దీనిని నవల తప్పుగా ఎంచరాదు. శాస్త్రము తన్ను తాను దిద్దుకొనుచు ముందునకు పోవును. అచ్చయిన నవల నిలిచిపోవును.

ఎండలో ఒక ఊరు

పై మూడు నవలలును పాఠకుని దూర లోకములకు తీసికొనిపోవును. నాలుగవది గుమ్మము దాటనక్కరలేనిది. అమెరికా రచయిత కిమ్ స్టాన్లీ రాబిన్సన్ 2020లో ప్రకటించిన "ది మినిస్ట్రీ ఫర్ ది ఫ్యూచర్" ఉత్తరప్రదేశ్‌లోని ఒక చిన్న పట్టణములో మొదలగును. ఎండ, ఉక్క కలిసి పెరుగును. విద్యుత్తు ఆగిపోవును. ప్రజలు చెరువులోనికి దిగుదురు. ఆ నీరు శరీరముకంటె వేడిగానుండును. తెల్లవారునప్పటికి ఒక విదేశీ సహాయకార్యకర్త తప్ప ఆ చెరువులో ఎవ్వరును ప్రాణముతో మిగులరు. నవలలో ఆ వడగాలికి దేశమున బలియైనవారు రెండు కోట్లమంది.

ఇచట రచయిత కోరిన అనుమతి మిక్కిలి చిన్నది. కొత్త జీవి లేదు, కొత్త లోకము లేదు. గాలి వేడియు, తేమయు ఇప్పటికంటె కొంచెము పెరిగినవి, అంతే.

వేసవిలో మట్టికుండలోని నీరు చల్లబడుట అందరును ఎరిగినదే. కుండ చెమర్చి, ఆ తేమ ఆవిరియగుచు వేడిని తీసికొనిపోవును. పొడిగాలి వీచు రోజున కుండనీరు చల్లగానుండును. సముద్రపు గాలి తేమతో ఉక్కపోయు రోజున అంత చల్లబడదు. మనుష్య శరీరమును అట్టి కుండయే. విశ్రాంతిగా కూర్చున్న మనిషి శరీరములో 100 వాట్ల దీపమునకు సమానమైన వేడి ఎల్లప్పుడును పుట్టుచుండును. ఒక గ్రాము చెమట ఆవిరియైనచో సుమారు 580 కాలరీల వేడి పోవును. పరిసరములు చర్మమంత వేడెక్కినపుడు ఈ వేడినంతటిని చెమటయే తీసికొనిపోవలెను. అందుకు గంటకు 150 గ్రాముల చెమట ఆవిరి కావలెను. ఆవిరి కాక కారిపోయిన చెమట వలన ప్రయోజనము లేదు. వేడి ఏమాత్రము బయటికి పోలేనిచో శరీరపు ఉష్ణోగ్రత గంటకు ఒక డిగ్రీకి పైగా పెరుగుచు, కొద్ది గంటలలోనే ప్రాణాపాయ స్థితి వచ్చును.

ఈ అపాయమును కొలుచుటకు ఒక సులభ సాధనమున్నది. ఉష్ణమాపకపు బుడ్డికి తడిగుడ్డ చుట్టి గాలి తగులనిచ్చినపుడు అది చూపునది తడిబల్బు ఉష్ణోగ్రత. ఆవిరియగుట ద్వారా ఒక వస్తువు ఎంతవరకు చల్లబడగలదో అది తెలుపును. ఉష్ణోగ్రత 44 డిగ్రీలు, తేమ 15 శాతము ఉన్న రోజున తడిబల్బు సుమారు 23 డిగ్రీలే చూపును. ఉష్ణోగ్రత 38 డిగ్రీలే అయినను తేమ 80 శాతమున్నచో అది 35 డిగ్రీలకు చేరును. మన చర్మపు ఉష్ణోగ్రతయు సుమారు అంతే. అప్పుడు నీడలో కూర్చున్నను, ఎంత నీరు త్రాగినను, విసనకఱ్ఱ విసరినను చెమట చల్లబరుపదు. ఇది మానవ శరీరము తట్టుకొనగల హద్దు అని 2010లో ఒక శాస్త్రపత్రము సూచించినది. 2022లో అమెరికాలో ఆరోగ్యవంతులైన యువకులపై జరిపిన పరీక్షలలో, తేమగాలిలో ఈ హద్దు ఇంకను తక్కువయనియు, సుమారు 31 డిగ్రీల వద్దనే శరీరము వేడిని నిలువరింపలేకపోవుననియు తేలినది. వృద్ధులకు, రోగులకు, ఎండలో కష్టపడు కూలీలకు అది మరియు తక్కువ కావచ్చును.

2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో కలిపి పదిహేను వందల మందికి మించి మరణించినారు. ఆ సంఖ్య నవలలోని రెండు కోట్ల ముందు చిన్నదిగా కనబడవచ్చును. కాని అది ఊహ కాదు.

నవలలో అట్టి ఘోరము జరిగిన తరువాత భారత ప్రభుత్వము విమానములతో పై వాతావరణములో గంధకపు పొగను చల్లించును. 1991లో ఫిలిప్పీన్సులోని పినటూబో అగ్నిపర్వతము పేలినపుడు పైకి ఎగసిన గంధకపు వాయువు సూర్యకాంతిని కొంత వెనుకకు త్రిప్పి, భూమి సగటు ఉష్ణోగ్రతను సుమారు అరడిగ్రీ తగ్గించిన మాట నిజము. ఐతే ఆ చల్లదనము ఒకటి రెండు సంవత్సరములే నిలిచినది. పొగను ఏటేట చల్లవలెను; ఆపినచో దాగిన వేడి ఒక్కసారిగా మీదపడును. వానకాలపు గాలులు దానివలన ఎట్లు మారునో ఎవ్వరును రూఢిగా చెప్పలేరు. వర్షమును నమ్మి విత్తనము వేయు దేశమునకు ఇది చిన్న ప్రశ్న కాదు.

దీనికంటె సులభమైన పనులు ఉన్నవి. 2010 నాటి తీవ్రమైన ఎండల తరువాత అహమ్మదాబాదు నగరము 2013లో ఒక ప్రణాళిక నమలుపరచినది. ముందుగా హెచ్చరిక చేయుట, ఆసుపత్రులను సిద్ధపరచుట, మంచినీరు, నీడ సమకూర్చుట అందులోని ముఖ్యాంశములు. వీటికి అగ్నిపర్వతము అవసరము లేదు. ఎండ ఎంత అని మాత్రమే కాక తేమ ఎంత అని కూడ చూచుకొనుట ప్రతి ఇంటివారును చేయదగినది.

చదువు విధానము

వైజ్ఞానిక నవల జోస్యము కాదు. అందులో చెప్పినది జరిగినదా లేదా అని లెక్కించుట దానికి తగిన పరీక్ష కాదు. ఒక కాగితము, పెన్సిలు ప్రక్కన పెట్టుకొని మూడు ప్రశ్నలు వేసికొనుచు చదివినచో దాని ఫలము దక్కును. రచయిత దేనికి అనుమతి కోరినాడు? దానినుండి ఏవి తప్పనిసరిగా వెలువడును? ఎక్కడ అతడు నియమము తప్పినాడు? అంగారకునిపై గాలిబలము, మూడు సూర్యుల దూరములు, నక్షత్రయాత్రికుని వయస్సు, ఒక గ్రాము చెమట తీసికొనిపోవు వేడి - ఇవన్నియు కళాశాల విద్యార్థి వేయగల లెక్కలే.

కీలుగుఱ్ఱముపై ఎగురుట ఎవరికైనను సంతోషమే. అది ఏమి తినునని అడుగుట వలన ఆ సంతోషము తగ్గదు. ఆ ప్రశ్న అడుగుట అలవాటైనవాడు మే నెలలో ఉక్కపోయుచున్న మధ్యాహ్నమున, పొలములోని కూలీని ఎప్పుడు నీడకు పిలువవలెనో కూడ తెలిసికొనును.